కోరీలు, చెర్రీ రొయ్యలు ఒకే తొట్టిలో: చంద్రపూర్ ఎండకు, మన బోరు నీళ్లకు తగిన పద్ధతి

రాజురా నుంచి మీరు పంపిన వివరాలను ముందు క్లుప్తంగా చెప్పుకొని జవాబులోకి వెళ్తాను. మీది రెండడుగుల తొట్టి, నీళ్లు బోరువి, ఫిల్టర్ స్పాంజ్‌ది. అందులో అడుగున మేత వెతుక్కునే చిన్న మీసాల చేపలు, కోరీలు, ఆరు ఉన్నాయి. అద్దాల మీది పాచి తింటుందని దుకాణదారు ఇచ్చిన సక్కర్ చేప ఒకటి, నత్తలను తింటాయని ఇచ్చిన యోయో లోచ్ చేపలు రెండు కూడా ఉన్నాయి. సంక్రాంతి తరువాత పది చెర్రీ రొయ్యలు (తొట్టిలో అందానికి పెంచే చిన్న రొయ్యలు) వేస్తే ఈ మార్చికి నాలుగే మిగిలాయి. రెండు రొయ్యలు చనిపోయి కనిపించాయి, వాటి తలభాగం నడుముతో కలిసే చోట తెల్లటి గీత ఉంది. వాటిలో ఒకదాన్ని కోరీలు నోటితో లాగుతుండగా మీ అమ్మాయి చూసింది. తక్కిన నాలుగూ ఆనవాలు లేకుండా పోయాయి. రొయ్యలను తినేస్తున్న కోరీలను దుకాణంలో తిరిగి ఇచ్చేయాలా అని మీరు అడిగారు.

ఇవ్వనక్కర్లేదు. కోరీ నోరు కిందివైపుకు తిరిగి ఉంటుంది. ఇసుకలో దాగిన పురుగునో, మెత్తబడిన మేతనో పీల్చుకోవడానికి పనికొచ్చే నోరే తప్ప, గుల్ల ఉన్న ప్రాణిని పట్టి చీల్చే నోరు కాదది. బతికి ఉన్న పెద్ద రొయ్య కోరీ వీపు మీద కాలు మోపి నడిచిపోయినా కోరీ పట్టించుకోదు. చచ్చిన రొయ్యను మాత్రం వదలదు, ఎందుకంటే దానికి అది అడుగున పడిన మేతే. మీ అమ్మాయి చూసింది చావు తరువాత జరిగిన సంగతిని. అప్పుడే పుట్టిన పిల్ల రొయ్య రెండు మిల్లీమీటర్లే ఉంటుంది కనుక, కోరీ ఇసుక పీల్చేటప్పుడు దాని నోట్లోకి పోయే అవకాశం లేకపోలేదు. అయితే నాచు దట్టంగా ఉన్న తొట్టిలో ఆ నష్టం లెక్కలోకి రానంత తక్కువ.

ఆనవాలు లేకుండా పోయిన నాలుగింటికీ నేను యోయో లోచ్‌లనే అనుమానిస్తాను. నత్తను గుల్లలోంచి లాగి తినగల చేపకు రొయ్య ఒక లెక్క కాదు. పైగా రొయ్య గుల్ల విడిచిన ఒకటి రెండు రోజులు ఒళ్లంతా మెత్తగా ఉండి ఎక్కడో ఒక మూల దాక్కుంటుంది, రాళ్ల సందులన్నీ వెతికే లోచ్‌కు అది సరిగ్గా అప్పుడే దొరుకుతుంది. సక్కర్ రొయ్యలను వేటాడదు గాని, ఇప్పుడు వేలెడంత ఉన్నది పెరిగి అడుగు దాటుతుంది. అంత చేప వేసే పెంటకు మీ యాభై లీటర్ల తొట్టి చాలదు. లోచ్‌లను, సక్కర్‌ను దుకాణంలో తిరిగి ఇచ్చేయండి. వాళ్లు తీసుకోకపోతే పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి గాని, పాపం కదా అని వార్ధా నదిలో మాత్రం వదలకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ సక్కర్ జాతి మన చెరువుల్లో చేరి వలలు చింపుతూ, మేలు జాతి చేపల మేతకు పోటీ వస్తోంది. ఆంధ్ర, తెలంగాణ జాలర్లు దాన్ని దెయ్యం చేప అనడం ఊరికే కాదు.

తెల్లటి గీతతో చచ్చిన రెండింటి సంగతి వేరు. ఏ చేపా వాటిని చంపలేదు. రొయ్య పెరగాలంటే పాత గుల్లను విడవాలి. మామూలుగా గుల్ల తలభాగం వెనుక, పైవైపు మాత్రమే విచ్చుకుంటుంది. రొయ్య ఒక్కసారిగా ఒళ్లు విదిల్చి ఆ సందులోంచి బయటపడుతుంది. గుల్ల చుట్టూతా పట్టీలా విడిపోతే లోపలి రొయ్యకు తన్నుకొని బయటపడే ఆధారం దొరకక అక్కడే చనిపోతుంది. మీరు చూసిన తెల్లటి గీత అదే. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు తగినంత లేకపోయినా, మరీ మితిమీరినా, ఒక్కరోజులో బాగా మారినా ఈ చావులు కనిపిస్తాయి. మీరు ప్రతి ఆదివారం సగం నీళ్లు తీసి కొత్త బోరు నీళ్లు పోస్తున్నామని రాశారు. ముందు మార్చవలసిన అలవాటు అదే.

మన వైపు బోరు నీళ్ల గుణం ఇక్కడి నేలను బట్టి వచ్చిందే. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ ప్రాంతంలో అన్ని సిమెంటు కర్మాగారాలు వెలిసింది కింద సున్నపురాయి ఉండటం వల్లనే. ఆ రాతిలోంచి ఊరిన నీళ్లలో కాఠిన్యం, అంటే కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు, ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. చెర్రీ రొయ్యలకు హాయైన నీళ్లు 110 నుంచి 150 మధ్యవి. దుకాణంలో అమ్మే జీహెచ్ (మొత్తం కాఠిన్యం) పరీక్ష చుక్కల లెక్కలో ఇది 6 నుంచి 8 వరకు వస్తుంది, ఎందుకంటే ఒక్కో జీహెచ్ అంకెకు దాదాపు 18 మిల్లీగ్రాములు. ఉదాహరణకు మీ బోరు నీళ్ల కాఠిన్యం 400 అని తేలితే, ఒక పాలు బోరు నీళ్లకు రెండు పాళ్లు ఆర్‌ఓ నీళ్లు కలిపినప్పుడు 135 దగ్గరికి వస్తుంది. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోయవద్దు, వాటిలో గుల్ల కట్టడానికి కావలసినవేవీ ఉండవు. టీడీఎస్ మీటర్ చవకే, కొనండి. అది మొత్తం లవణాలను చూపుతుందే తప్ప కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. అయినా ఈ వారం నీళ్లు పోయిన వారం నీళ్లలాగే ఉన్నాయా అని చూడటానికి అంతకన్నా సులువైన సాధనం లేదు.

ఇకపై వారానికి సగం కాదు, పదో వంతు మార్చండి. కొత్త నీళ్లు ముందురోజే బకెట్టులో పట్టి, గాలి రాయి (ఎయిర్ పంప్ గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఉంచండి. బోరు నీళ్లలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు రాత్రికి రాత్రి బయటికి పోయి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పైకి వస్తుంది. తీసిన వెంటనే కొలిచిన అంకెను నమ్మి మోసపోకూడదు. పంచాయతీ కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ పోవడానికీ ఇలా గాలి పట్టించి ఉంచడమే పనికొస్తుంది.

నీళ్ల లెక్క కుదిరినా ఎండ మిగిలే ఉంటుంది, చంద్రపూర్ జిల్లాలో ఈ తొట్టిని నిలబెట్టేది, కూల్చేది అదే. మే నెలలో 46, 47 డిగ్రీలు తాకడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయన్న మాట ఈ ప్రాంతాన్ని చూసి పుట్టించినట్టే ఉంటుంది. చెర్రీ రొయ్యలు 18 నుంచి 27 డిగ్రీల వరకు సుఖంగా ఉంటాయి, 30 దాటితే గుడ్లు పెట్టడం తగ్గి ఆయుష్షు కుంచించుకుపోతుంది. బయటి ఎండ తగలకపోయినా, కాంక్రీటు కప్పు కింది గదిలో తొట్టి నీళ్లు మధ్యాహ్నం మూడు దాటేసరికి 33 డిగ్రీలకు చేరడం మామూలే.

వేడి ఒక్కటే చంపదు. దానితో పాటు ప్రాణవాయువు తగ్గుతుంది, మలినపు విషం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో దాదాపు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు, 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే. అదే సమయంలో చేపకూ, రొయ్యకూ, ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులకూ అవసరం ఎక్కువవుతుంది. ఇక ఆ విషం, అంటే పెంట, మిగులు మేత కుళ్లి పుట్టే అమ్మోనియా సంగతి. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది వందలో ఒక పాలు కూడా కాదు. మన సున్నపు నీళ్లలోలాగ పీహెచ్ 8 ఉండి, నీళ్లు 30 డిగ్రీలకు చేరితే ఏడు పాళ్లు దాటుతుంది. చలికాలంలో ఏ హానీ చేయని మిగులు మేత ఎండాకాలంలో రొయ్యలను ఎందుకు చంపుతుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

మొదటి జాగ్రత్త చోటుది. పడమటి గోడకు ఆనించిన తొట్టిని ఇప్పుడే, మార్చిలోనే, లోపలి గదికి మార్చండి. కప్పుకు ఎంత దూరంగా, నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. పైనున్న గాజు మూత తీసేసి నైలాన్ దోమతెర గుడ్డ బిగించండి. కోరీలు ఎగిరి బయట పడకుండా అది ఆపుతుంది, ఆవిరిని మాత్రం ఆపదు. ఆవిరే మనకు కావలసింది. నీటి మీద ఏటవాలుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. కంప్యూటర్లలో వాడే పన్నెండు వోల్టుల ఫ్యాను కూడా చాలు. లీటరు నీరు ఆవిరైతే అది పట్టుకుపోయే వేడి యాభై లీటర్ల తొట్టిని పది డిగ్రీలకు పైగా చల్లబరచగలిగినంత. గది వేడి మళ్లీ లోనికి చేరుతూ ఉంటుంది కనుక చివరికి మనకు దక్కేది రెండు నుంచి నాలుగు డిగ్రీలే. 33కీ 29కీ మధ్య రొయ్యల బతుకు ఆ నాలుగు డిగ్రీలే.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. ఫ్యాన్ తిరిగే తొట్టిలో మేలో రోజుకు లీటరు దాకా నీళ్లు తగ్గవచ్చు. ఆ లోటును బోరు నీళ్లతో పూడిస్తే నెల తిరిగేసరికి కాఠిన్యం రెట్టింపు దాటుతుంది, మీ తెల్లటి గీత చావులు మళ్లీ మొదలవుతాయి. అందుకని తగ్గిన నీటిని ఆర్‌ఓ నీళ్లతోనే పూడ్చండి. వారపు నీటి మార్పిడికి మాత్రం బోరు, ఆర్‌ఓ కలిపినవి వాడండి. తొట్టి అద్దం మీద నీటి మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసి పెట్టుకుంటే పని సులువవుతుంది. కూలర్ అడుగున మిగిలిన నీళ్లు పారేయడం ఎందుకని తొట్టిలో పోసేవారు ఉన్నారు. రోజంతా గడ్డి తెరల మీదుగా తిరిగి చిక్కబడిన ఆ నీళ్లు మొక్కలకు పోయండి, తొట్టికి వద్దు.

కూలర్ ఉన్న గదిలోనే తొట్టి ఉంటే సగం పని అయిపోయినట్టే. కాకపోతే కూలరూ ఫ్యానూ చేసేది ఒకే పని, గాలి పొడిగా ఉన్నంతవరకే ఆ పని జరుగుతుంది. మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడ్డాక బయట 38 డిగ్రీలే కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. అప్పుడు గాలిలో తేమ పెరిగి ఆవిరి తగ్గిపోతుంది, తొట్టి మళ్లీ వేడెక్కుతుంది. జూన్ రెండో సగంలో పోయే రొయ్యలు మేలో పోయేవాటికంటే తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో తొట్టి దీపం వెలిగించే సమయం నాలుగైదు గంటలకు తగ్గించి, మేత సగం చేసి, అదనంగా ఒక గాలి రాయి వేయండి. మంచు గడ్డ కట్టిన సీసాలను తొట్టిలో వేసే అలవాటును నేను ప్రోత్సహించను. అర లీటరు సీసా ఒకటి అవసరానికి వేయవచ్చు గాని, మధ్యాహ్నం 26కు దించి, అర్ధరాత్రి 31కి వదిలేయడం కంటే రోజంతా 29 దగ్గర నిలపడం రొయ్యలకు మేలు.

కరెంటు పోవడం ఎండాకాలంలో మనకు తెలిసిన కథే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచండి. మొక్కలు కూడా రాత్రిపూట ప్రాణవాయువును వాడుకుంటాయి కనుక తెల్లవారుజామునే నీటిలో అది అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ లేచి చూడండి. రొయ్యలు ఫిల్టర్ గొట్టం ఎక్కి నీటి అంచున గుమిగూడి ఉంటే గాలి చాలడం లేదని అర్థం. కోరీలు గంటకు రెండు మూడుసార్లు బాణంలా పైకి దూసుకొచ్చి గాలి మింగి వెళ్లడం వాటి సహజ గుణం, మింగిన గాలిలోని ప్రాణవాయువును అవి పేగు గోడలతో పీల్చుకుంటాయి. అదే పనిగా నిమిషానికోసారి వస్తుంటే మాత్రం ప్రమాదమే. రొయ్యలకు ఆ వెసులుబాటు లేదు. ఒకే తొట్టిలో కోరీలు బతికి రొయ్యలు పోతే, ఆ నింద కోరీల మీద పడటానికి ఇదొక కారణం.

ఇంట్లో మనం వాడే మందుల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ప్లగ్గులో పెట్టే దోమల మందులు, కాయిల్స్, చీమల చాక్‌పీసులు అన్నీ పైరెత్రాయిడ్ జాతి విషాలు. మనుషుల మీద వాటి ప్రభావం తక్కువ, రొయ్యలు మాత్రం పురుగులకు దగ్గరి చుట్టాలు. ఎయిర్ పంప్ చేసే పని గదిలోని గాలిని లాగి నీళ్లలోకి తోయడం. దోమల మందు వెలిగే గదిలో ఆ పంప్ రాత్రంతా నడిస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తొట్టి ఉన్న గదిలో దోమతెరే వాడండి. చీమలు తొట్టి బల్ల ఎక్కుతున్నాయని చాక్‌పీసుతో గీత గీయకండి, బల్ల కాళ్లను నీటి గిన్నెల్లో పెట్టండి.

మన చుట్టూ పత్తి, సోయా చేలు. ఆషాఢం నుంచి పిచికారీలు మొదలవుతాయి. చేనుకు వెళ్లొచ్చిన చేతులను సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా మళ్లీ కడిగి, అప్పుడే తొట్టిలో చెయ్యి పెట్టాలి. రొయ్యలకు పాలకూర, దోసకాయ వేయడం మంచిదే. అయితే సంతలో కొన్న పాలకూర కంటే పెరట్లో మందు కొట్టని ఆకు వంద రెట్లు నయం. దోసకాయ తొక్క తీసి వేయండి. తొట్టి కోసం కొత్తగా కొన్న నీటి మొక్కలను వారం పది రోజులు వేరే బకెట్టులో ఉంచి, రోజూ నీళ్లు మార్చి, ఆ తరువాతే వాడండి.

చేపలకు తెల్ల చుక్కల జబ్బు వస్తే తొట్టిలో మందు పోయకండి. ఆ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం రాగితోనే తయారవుతుంది కనుక మేతలో ఉండే రవ్వంత రాగితో దానికి ఇబ్బంది లేదు. నీళ్లలో కరిగిన రాగి మాత్రం కొద్దిపాటిదైనా చంపుతుంది. జబ్బు చేపను వేరే టబ్బులో ఉంచి వైద్యం చేయండి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు శ్రేష్ఠమని పెద్దలు చెప్పేది మనుషుల విషయంలో, తొట్టికి ఆ నీళ్లు వాడవద్దు.

ఇక చేపల ఎంపిక. కోరీ అన్న పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. 2024లో శాస్త్రజ్ఞులు కోరిడోరాస్ అనే పెద్ద ప్రజాతిని విడదీసి కొన్నిటికి పాత పేర్లు తిరిగి ఇచ్చారు. దాని ప్రకారం స్టెర్బాయ్ ఇప్పుడు హాప్లిసోమా, కంచు కోరీ ఆస్టియోగాస్టర్. దుకాణంలో మాత్రం అన్నీ కోరీలే. మనకు ముఖ్యమైనది ఏది ఎంత వేడి తట్టుకుంటుందన్నది. చవకగా దొరికే పెప్పర్డ్ కోరీ చల్లటి నీళ్ల చేప, 18 నుంచి 23 డిగ్రీలు దానికి ఇష్టం. పాండా కోరీ కూడా 25 దాటితే నీరసిస్తుంది. నలుపు మీద తెల్ల చుక్కలు, నారింజ రంగు రెక్క ముళ్లు ఉన్న స్టెర్బాయ్ 28 వరకు హాయిగా, కొద్దికాలం 30 దగ్గర కూడా తట్టుకొని ఉంటుంది. ధర ఎక్కువే అయినా మన జిల్లాకు నేను చెప్పేది అదే. కంచు కోరీ, దాని తెల్ల రకమూ మధ్యస్థం. మీరు పంపిన వర్ణన బట్టి మీవి తెల్ల రకం కంచు కోరీలు అనిపిస్తోంది, కనుక మార్చవలసిన పని లేదు. పిగ్మీ కోరీలు మూడు సెంటీమీటర్లు కూడా దాటవు, పిల్ల రొయ్యలకు అన్నిటికంటే తక్కువ ప్రమాదం వాటితోనే. కాకపోతే అవి సున్నపు నీళ్లకు, వేడికి అంతగా ఓర్చుకోవు. కూలీ లోచ్ పాములా సన్నగా ఉండి 30 డిగ్రీల దాకా భరిస్తుంది, యోయో లోచ్ లాంటి వేటగాడు కాదు. రాత్రి తిరిగే చేప కనుక పిల్ల రొయ్యలను కొన్నిటిని తింటుంది, మీకు పగలు కనబడదు.

చేపల సంతలో బతికి ఉన్న చిన్న ఏటి రొయ్యలు దొరుకుతాయి, మరాఠీవాళ్లు ఝింగే అనేవి. ఊరికే వస్తున్నాయి కదా అని వాటిని తెచ్చి వేసే ఆలోచన ఉంటే మానుకోండి. వాటిలో పొడవాటి పట్టుకాళ్లున్న జాతులు నిద్రపోతున్న కోరీ రెక్కలను కూడా కొరుకుతాయి. ఎర్రగా నిగనిగలాడే క్రిస్టల్ రొయ్యల జోలికీ పోవద్దు, వాటికి మెత్తటి నీళ్లు (కాఠిన్యం తక్కువున్నవి), 24 లోపు వేడి కావాలి. రంగురంగుల చెర్రీలను కలిపి వేసినా బతుకుతాయి గాని, రెండు మూడు తరాలకు పిల్లలు మట్టి రంగుకు తిరుగుతాయి. ఒకే రంగు ఉంచండి.

తొట్టి అడుగు గురించి. మీరు వేసిన రంగు గులకరాళ్లు తీసేసి మూడు సెంటీమీటర్ల మందాన సన్నటి ఇసుక పరచండి. కోరీ ముక్కును కళ్లదాకా ఇసుకలో గుచ్చి, ఒక నోటి నిండా తీసుకొని, మేతను ఉంచుకొని, ఇసుకను మొప్పల సందుల్లోంచి చిన్న చిన్న పొగలా వదులుతుంది. గులకరాళ్ల మీద అది ఆ పని చేయలేదు. రాళ్ల సందుల్లో కుళ్లిన మేత వల్ల దాని మీసాలు అరిగిపోతాయి. వార్ధా ఇసుక తెచ్చుకోవచ్చు. జల్లించి, నీళ్లు తేరేదాకా కడిగి, ఎండబెట్టి, చారెడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ పొంగితే అందులో సున్నపు రవ్వలున్నాయని అర్థం, అది వాడకండి. అలంకారానికి పెట్టే రాళ్లకూ ఇదే పరీక్ష చేయండి.

ఇసుక మీద ఒక మూల జావా నాచు గుప్పెడు, ఎండి రాలిన బాదం ఆకులు రెండు మూడు వేయండి. ఆకు మెత్తబడుతున్నకొద్దీ దాని మీద పెరిగే కంటికి కనపడని జీవపు పొరను పిల్ల రొయ్యలు రోజంతా గిల్లి తింటాయి. మూడు వారాలకు ఆకులో ఈనెలు మాత్రమే జాలీలా మిగులుతాయి. విడిచిన గుల్లను చచ్చిన రొయ్య అనుకొని తీసేయకండి, దాన్ని తినే రొయ్యలు తమ కాల్షియం తిరిగి పొందుతాయి. గుల్ల అద్దంలా పారదర్శకంగా, ఖాళీగా ఉంటుంది. చచ్చిన రొయ్య గులాబీ రంగుకు తిరిగి పాలిపోతుంది. దాన్ని మాత్రం వెంటనే తీయాలి.

కోరీలు అడుగున ఉన్న చెత్త తిని బతుకుతాయన్నది దుకాణాల్లో పుట్టిన మాట. అవి పురుగులు తినే చేపలు, వాటికి విడిగా మేత వేయాలి. కలిపి పెంచేటప్పుడు ఎక్కువగా నష్టపోయేది నిజానికి కోరీలే. గోలీ మేత అడుగుకు చేరీ చేరగానే ఒక రొయ్య దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకొని నాచులోకి ఈదుకుపోతుంది. కోరీలు వాసన పట్టి వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు. అందుకే దీపం ఆర్పాక, ఒక మూల రొయ్యలకు గోలీ ఒకటి, రెండో మూల కోరీలకు గోలీని పొడి చేసి చల్లడం మంచిది. రెండు గంటల తరువాత మిగిలిన మేతను గొట్టంతో తీసేయండి. వారంలో ఒక రోజు ఏమీ వేయకపోయినా ఎవరికీ నష్టం లేదు. అద్దం మీద తెల్లటి సన్నటి పురుగులు పాకుతూ కనిపిస్తే మేత ఎక్కువవుతోందని గ్రహించి తగ్గించండి.

కోరీలను పట్టవలసి వస్తే వల వాడకండి. వాటి రెక్కల ముందున్న ముళ్లు బిగుసుకొని దారాల్లో చిక్కుకుంటాయి, చేతికి గుచ్చుకుంటే కందిరీగ కుట్టినట్టు మండుతుంది. ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తీయండి.

ఇప్పుడు మీరు చేయవలసింది, నా లెక్కన, ఈ క్రమంలో ఉండాలి. ఈ వారమే లోచ్‌లను, సక్కర్‌ను పంపేయండి. ఇసుక ఒకేసారి మార్చితే గులకరాళ్ల మీది మేలు చేసే సూక్ష్మజీవులన్నీ ఒక్క రోజులో పోతాయి కనుక, వారానికి మూడో వంతు చొప్పున మార్చండి, ఆ రోజుల్లో స్పాంజ్‌ను కడగవద్దు. నీళ్లను కూడా పదో వంతు మార్పిళ్లతో నెమ్మదిగా మెత్తటి వైపు తీసుకెళ్లండి. ఏప్రిల్ మొదటి వారానికి ఫ్యాను, దోమతెర గుడ్డ సిద్ధంగా ఉండాలి.

కొత్త రొయ్యలు ఇప్పుడు కొనకండి. నాగ్‌పూర్ నుంచి సంచిలో ప్రయాణం చేసి, కొత్త నీళ్లకు అలవాటు పడకముందే ఎండలో చిక్కిన రొయ్య మొదటి గుల్ల విడుపుతోనే పోతుంది. మిగిలిన నాలుగు మీ నీళ్లకు ఓర్చుకున్నవి. వాటిలో వీపు మీద పసుపు రంగు జీనులాంటి మచ్చ ఉన్నది ఆడది, గుడ్లు తోక కిందికి చేరాక నెల లోపే పిల్లలు బయటికి వస్తాయి. ఒక్క ఆడ రొయ్య ఒక్కో విడతకు ఇరవై ముప్పై పిల్లలనిస్తుంది. మీ మిగిలిన నాలుగింటిలో ఆడా మగా రెండూ ఉంటే దసరాకు కొనే పని ఉండకపోవచ్చు. లేకపోతే దసరా దాటాక, నీళ్లు 26కు దిగాక, పదిహేను తెచ్చుకోండి. తెచ్చిన సంచి నీళ్ల టీడీఎస్, తొట్టి టీడీఎస్ రెండూ కొలిచి, తేడా ఎక్కువుంటే సన్నటి గొట్టానికి ముడి వేసి, తొట్టి నీళ్లు సెకనుకు ఒకటి రెండు చుక్కల చొప్పున రెండు మూడు గంటలు రొయ్యలున్న గిన్నెలో పడేలా చేసి, ఆ తరువాత రొయ్యలను మాత్రమే తొట్టిలోకి వదలండి, సంచి నీళ్లు బయట పారబోయండి.